తల్లికి రొంప పడితే బిడ్డకు పాలు మాన్పించాలా?

ప్రశ్న: పాప పుట్టి నలభై రోజులైంది. పుట్టింట్లో ఉన్నాను. మూడు రోజులుగా నాకు రొంప, తుమ్ములు, కొద్దిగా జ్వరం. చూడటానికి వచ్చిన మావారికి ముందు పట్టుకుంది, తర్వాత నాకు. జలుబు పాలలోకి దిగుతుందని మా అమ్మ పాలు మాన్పించి, పాపను వేరే గదిలో పడుకోబెట్టి సీసాతో ఆవుపాలు పడుతోంది. నా రొమ్ములు గట్టిపడి సలుపుతున్నాయి. నేనేం చేయాలి? – ఒక సోదరి, శ్రీకాకుళం, కృష్ణా జిల్లా.

జవాబు: ఉత్తరాంధ్రలోని శ్రీకాకుళం కాదు, ఘంటసాల మండలంలో ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉన్న శ్రీకాకుళం నుంచి వచ్చిన ఉత్తరం ఇది. అచ్చయ్యేదాకా ఆగే ప్రశ్న కాదు కనుక ఈమెకు జవాబు ముందే పోస్టులో పంపాను. పండుగకు బంధువులంతా చేరే ఈ చలిరోజుల్లో ఇదే సందేహం ఎన్నో ఇళ్ళలో ఉంటుంది గనుక ఇక్కడా వ్రాస్తున్నాను.

ముందుగా ఒక్క మాట. పాలు మాన్పించకండి. రొంప పాలలోకి దిగదు. పైగా మీ ఒంట్లో చేరిన వైరస్‌తో పోరాడటానికి మీ శరీరం తయారుచేసే రక్షక పదార్థాలు పాల ద్వారా పాపకు అందుతాయి. మీకు తుమ్ములు మొదలవడానికి ముందురోజే ఆ వైరస్ పాప దాకా వెళ్ళి ఉండవచ్చును. సరిగ్గా ఆమెకు మీ పాలు కావలసిన సమయంలో మాన్పించినట్లవుతుంది.

కొన్నేళ్ళ క్రితం నేను డెల్టాలో పనిచేస్తుండగా ఒక అమ్మమ్మ రెండు నెలల మనవణ్ణి తీసుకొచ్చింది. తల్లికి పడిశమని నాలుగు రోజులుగా నీళ్ళు కలిపిన ఆవుపాలు సీసాతో పట్టారట. పిల్లవాడికి జలుబు లేదు. విరేచనాలతో కళ్ళు గుంటలు పడి, ఏడవడానికి కూడా ఓపిక లేదు. బ్రతికాడు గాని, తల్లికి పాలు మళ్ళీ పడటానికి వారం పట్టింది. ఆ అమ్మమ్మను నేను కోప్పడలేదు. ఆమె చేసినదంతా ప్రేమతోనే చేసింది.

మరి జలుబు ఎలా అంటుతుంది? తుమ్ము, దగ్గు తుంపరల వల్ల, మరీ ముఖ్యంగా చేతుల వల్ల. 1978లో అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయ వైద్యులు ఒక ప్రయోగం చేశారు. జలుబు ఉన్నవారి చేతిని తాకి, ఆ చేత్తో తమ ముక్కూ కళ్ళూ ముట్టుకున్న 15 మందిలో 11 మందికి వైరస్ సోకింది. మన ఇళ్ళలో చేయి ఒక్కటే కాదు, చీర చెంగు కూడా ఉంది. తల్లి ముక్కు తుడుచుకున్న చెంగుతోనే పాప మూతి తుడుస్తుంది!

అంచేత ఇలా చేయండి. పాపను ఎత్తుకొనే ముందు ప్రతిసారీ సబ్బుతో చేతులు బాగా రుద్ది కడుక్కోండి. ముక్కు చీదిన తర్వాత కూడా అంతే. ముక్కుకు వేరే గుడ్డ పెట్టుకోండి. పాలిచ్చేటప్పుడు ముక్కూ నోరూ కప్పేలా మాస్కు కట్టుకోండి, తడిస్తే మార్చండి. ముద్దులు నాలుగు రోజులు వాయిదా వేయండి. గదిలోకి గాలి రానివ్వండి. సాంబ్రాణి పొగ, దోమల చుట్ట, సిగరెట్టు పాప దగ్గరకు రాకూడదు. లేవలేనంత నీరసంగా ఉంటే పాలు శుభ్రమైన గిన్నెలోకి పిండి, ఉగ్గుగిన్నెతో పట్టించండి. పిండిన పాలు మామూలు గదిలో నాలుగు గంటలు ఉంటాయి. సీసా వద్దు.

మీ జ్వరానికి పారాసిటమాల్ వేసుకోవచ్చును. ముక్కు దిబ్బడకు దుకాణంలో ఇచ్చే మాత్రలు అడక్కుండా మింగకండి. వాటిలో కొన్ని పాలు తగ్గిస్తాయి.

ఇక మీవారి సంగతి. తుమ్ములు తగ్గేదాకా ఆయన వేరే గదిలో పడుకొని, పాప గుడ్డలు ఉతికిపెడితే అదే పెద్ద సాయం. రొంపతో వచ్చే చుట్టాలు ఎంత దగ్గరివారైనా గుమ్మం దగ్గర నుంచే చూసి వెళ్ళాలి. బాధపడతారని మొహమాటపడకండి. పెద్దవాళ్ళలో ఎవరికైనా దగ్గు రెండు వారాలు దాటితే అది రొంప కాదు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా కళ్ళె పరీక్ష చేయించాలి. క్షయ అయితే పసిబిడ్డకు చాలా ప్రమాదం.

ఇంత చేసినా పాపకు రొంప పట్టవచ్చును. నెలల పిల్లలు ఎక్కువగా ముక్కుతోనే గాలి పీలుస్తారు. ముక్కు మూసుకుపోతే పాలు కుడవలేరు. పాలిచ్చే ముందు మందుల దుకాణంలో దొరికే ఉప్పునీటి చుక్కలు రెండేసి వేసి, కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పట్టండి. ముక్కులో నూనె, ఆముదం పోయకండి. అది ఊపిరితిత్తులలోకి దిగితే న్యుమోనియా వస్తుంది. ఏడాది నిండనిదే తేనె నాకించకండి. దగ్గు సిరప్పులు అసలే వద్దు. జలుబుకు ఇచ్చే ఒక రకం మందుల కలయికను నాలుగేళ్ళలోపు పిల్లలకు వాడరాదని కేంద్ర ఔషధ నియంత్రణాధికారి 2023లోనే హెచ్చరించారు.

ఒక్క పని నేర్చుకోండి. పాప ఏడవకుండా ఉన్నప్పుడు పొట్ట కదలిక చూస్తూ, గడియారం పెట్టి నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలలలోపు బిడ్డకు 60, ఆపైన ఏడాదిలోపు 50, లేదా అంతకుమించి ఉంటే అది మామూలు రొంప కాదు. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు కుడవకపోయినా, పెదవులు నీలంగా మారినా, లేపినా లేవకుండా మత్తుగా ఉన్నా, రెండు నెలలలోపు బిడ్డకు చంకలో జ్వరం 99.5 డిగ్రీలకు చేరినా, ఒళ్ళు చల్లబడినా తెల్లవారాక చూద్దామనుకోకండి. 108కి ఫోను చేసి మచిలీపట్నం ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళండి. ఆరు, పద్నాలుగు వారాలకు, తొమ్మిదో నెలలో వేసే న్యుమోనియా టీకా మాత్రం తప్పించకండి. మామూలు జలుబుకు టీకా ఆపనక్కరలేదు.

చివరగా మీ అమ్మగారికి నా మాటగా చెప్పండి. ఆమె అన్నదానిలో సగం నిజమే. పాలిచ్చే వేళ తప్ప మిగతా సమయం పాపను దూరంగా ఉంచడం మంచిదే. చేతులు కడుక్కొని ఆవిడే ఎత్తుకోవచ్చును. పాల వేళకు మాత్రం పాపను మీ ఒళ్ళోకి ఇచ్చేయమనండి. ఆవుపాల సీసా అటకెక్కించమనండి.