నాలుగోసారికి దక్కిన డిటెక్టర్

జపాన్ అంతరిక్ష సంస్థ జాక్సా 2023 సెప్టెంబర్ 7న ప్రయోగించిన ఎక్స్‌-రే టెలిస్కోపు ‘క్రిజమ్’లోని రిజాల్వ్ పరికరానికి ఉన్నవి 36 పిక్సెళ్లే. ఫోన్ కెమెరాలోనే కోట్ల పిక్సెళ్లున్న రోజుల్లో ఇదేం లెక్క అనిపించవచ్చు. కానీ ఈ ముప్పై ఆరింటిని కక్ష్యలో నిలకడగా పనిచేయించడానికి జపాన్, అమెరికాలు మూడు వైఫల్యాలను దిగమింగాయి.

విశ్వం నుంచి వచ్చే ఎక్స్‌-కిరణాలను మన వాతావరణం పైనే ఆపేస్తుంది. అందుకే డిటెక్టర్ పైకి వెళ్లక తప్పదు, వెళ్లాక రిపేరుకు దొరకదు. 1962లో రికార్డో జకోని బృందం రాకెట్‌లో పంపిన గైగర్ కౌంటర్లు వృశ్చిక రాశి దిక్కున తొలి ఎక్స్‌-రే నక్షత్రాన్ని పట్టాయి. తర్వాతి కాలంలో సీసీడీలు వచ్చాయి. ఒక్కో ఫోటాన్ ఎన్ని ఎలక్ట్రాన్లను విడగొట్టిందో చూసి అవి దాని శక్తిని లెక్కగడతాయి. 6,000 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర వాటి స్పష్టత సుమారు 130 ఎలక్ట్రాన్ వోల్టులు. శక్తిలో అంతకన్నా దగ్గరగా ఉన్న రెండు వర్ణపట గీతలు కలిసిపోతాయి.

రిజాల్వ్ దారి వేరు. అది ఎలక్ట్రాన్లను లెక్కించదు, వేడిని కొలుస్తుంది. మిల్లీమీటరు కూడా లేని మెర్క్యురీ టెల్యురైడ్ ముక్క మీద ఒకే ఒక్క ఫోటాన్ పడితే ఆ ముక్క ఎంత వేడెక్కిందో చూస్తుంది. అంత సూక్ష్మమైన పెరుగుదల తెలియాలంటే ముక్క ముందుగా బాగా చల్లబడి ఉండాలి, పరమ శూన్య ఉష్ణోగ్రతకు కేవలం 0.05 డిగ్రీల ఎగువన. ఇక్కడ స్పష్టత దాదాపు 5 ఎలక్ట్రాన్ వోల్టులు. నాసా గొడార్డ్ కేంద్రం శాస్త్రవేత్తలు 1980లలోనే వేసిన ఆలోచన ఇది.

ఆలోచన బాగానే ఉంది, అదృష్టమే లేదు. 2000లో ఈ డిటెక్టర్‌తో బయలుదేరిన ఆస్ట్రో-ఇ రాకెట్ విఫలమై ఉపగ్రహమే పోయింది. 2005లో సుజాకు ఉపగ్రహం కక్ష్యకు చేరింది గానీ, వారాల్లోనే డిటెక్టర్‌ను చల్లబరిచే ద్రవ హీలియం ఆవిరైపోయింది. 2016లో హితోమి పెర్సియస్ గెలాక్సీ గుచ్ఛంలోని వేడి వాయువు కల్లోల వేగాన్ని సెకనుకు 164 కిలోమీటర్లుగా కొలిచింది. నడిమధ్య భారీ కృష్ణబిలం ఉన్నా అక్కడ అంత ప్రశాంతత ఏమిటని శాస్త్రవేత్తలు ఆశ్చర్యపోతుండగానే, నియంత్రణ లోపంతో ఉపగ్రహం గిరగిరా తిరిగి ముక్కలైంది. గమనించండి, మూడుసార్లూ తప్పు డిటెక్టర్‌ది కాదు. అందుకే అదే నమూనాను మళ్లీ కట్టే సాహసం చేశారు.

నాలుగోసారి కూడా మెలిక పడింది. డిటెక్టర్‌కు కాపలా కాసే బెరీలియం తలుపు తెరుచుకోలేదు. దాని గుండా సుమారు 1,700 ఎలక్ట్రాన్ వోల్టుల పైనున్న కిరణాలే దూరగలవు, ఆక్సిజన్ గీతలు అందవు. అయినా ఇనుము గీతలను అది చూపుతున్న తీరు ముందెన్నడూ లేనిది.

మన సంగతి చూద్దాం. 2015లో శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆస్ట్రోశాట్‌లో సాఫ్ట్ ఎక్స్‌-రే టెలిస్కోపు సీసీడీ బ్రిటన్‌లోని లెస్టర్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. మరో పరికరం సీజెడ్‌టీఐలోని 16,384 పిక్సెళ్ల కాడ్మియం జింక్ టెల్యురైడ్ ఫలకాలూ బయట కొన్నవే. అదే వాయువుతో నింపే డిటెక్టర్లలో మనకు చేయి తిరిగింది. హైదరాబాద్ నుంచి టాటా మౌలిక పరిశోధన సంస్థ (టీఐఎఫ్ఆర్) దశాబ్దాల పాటు ఎగరేసిన బెలూన్లు అందుకు బడి. ఆస్ట్రోశాట్‌లోని అలాంటి వాయు డిటెక్టర్ లాక్స్‌పీసీ మూడు యూనిట్లలో ఒకటి వాయువు కారి మూలపడింది, నిజమే. అయినా ఆ అనుభవం దేశంలోనే మిగిలింది. 2024 జనవరి 1న ఎగిరిన ఎక్స్‌పోశాట్‌లోని పోలిక్స్‌ను బెంగళూరులోని రామన్ పరిశోధన సంస్థ అదే కోవలో తయారుచేసింది.

అద్దాలకు, రాకెట్లకు దొరికే మెప్పు డిటెక్టర్‌కు దొరకదు, నిధులూ అంతే. ఒక ఉపగ్రహం పూర్తికాగానే దాని డిటెక్టర్‌ను తయారుచేసిన బృందం చెదిరిపోతే తర్వాతి తరం మళ్లీ అఆల దగ్గర మొదలెడుతుంది. డిటెక్టర్ ప్రయోగశాలలకు మిషన్‌తో ముడిపెట్టకుండా పదిహేను, ఇరవై ఏళ్ల నిధుల హామీ కావాలి. తర్వాతి ఖగోళ ఉపగ్రహానికి బడ్జెట్ వేసేటప్పుడు ఇస్రో మొదటి పద్దుగా దాన్నే రాసుకోవాలి.