పట్టణారణ్యముల లెక్క

హైదరాబాదు నగరమున 2011లో 33 చదరపు కిలోమీటర్లుగా నున్న యటవీ విస్తృతి 2021 నాటికి 81 దాటినదని భారత అటవీ సర్వే సంస్థ ప్రకటించినది. నాటి ప్రభుత్వమువా రాయంకెను సగర్వముగా చాటుకొనిరి. అది యెట్లు కట్టబడినదో విచారించినవారు మాత్ర మరుదు.

ఈ లెక్కకు మూలము ఉపగ్రహము పంపు చిత్రములు. ఒక హెక్టారు, అనగా సుమారు రెండున్నర యెకరములకు తక్కువగాని నేలపై చెట్ల నీడ నూటికి పదిపాళ్లు మించినచో నది యడవియే. నేల యెవరిదైనను, చెట్టు ఏ జాతిదైనను నిమిత్తము లేదు. మా చదువరులలో పలువురి మామిడితోపులును ఈ నిర్వచనము ననుసరించి యడవులే!

ఇది శాస్త్రము యొక్క దోషము గాదు. ఆకాశమునుండి చూచు కంటికి సర్వే నెంబరు కానరాదు. దోషము పాలకులది. 2025 మార్చి నెలాఖరున కంచ గచ్చిబౌలిలో నాలుగువందల యెకరములపైకి యంత్రములు దిగినప్పుడు ప్రభుత్వమువారు చెప్పినదేమి? అది యడవిగా ప్రకటింపబడలేదు, సర్కారు భూమి యని. విశ్వవిద్యాలయ విద్యార్థు లెదిరించిరి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనుల నాపించునప్పటికే సుమారు నూరెకరములు చదునైనవి. చెట్లు కొట్టుటకు 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము క్రింద అనుమతి పొందిరా యని న్యాయస్థానమువారే యడుగవలసివచ్చెను. పాలకులు మారిరి గాని పద్ధతి మారలేదు: మెప్పునకు అడవి, వేలమునకు బంజరు.

ఈ రెండు నాలుకలను కట్టివేయగలది నేలమీది లెక్క యొక్కటియే. న్యూయార్కులో 2015లో రెండువేలకు పైబడిన స్వచ్ఛంద సేవకులు వీధులు తిరిగి ఆరులక్షలకు పైగా చెట్లను ఒక్కొక్కటిగా నమోదు చేసిరి. ఆస్ట్రేలియాలోని మెల్బోర్ను నగరమువారు దీర్ఘమైన యనావృష్టికి తమ చెట్లు కుంగుట చూచి 2012లో ప్రణాళిక వ్రాసికొనిరి; ఏ యొక్క జాతియు నూటికి అయిదు మించరాదని నియమించుకొనిరి. అచట ప్రతి చెట్టునకు సంఖ్య గలదు, పౌరు డెవడైనను చూడదగిన పటము గలదు. విమానమునుండి లేజరు కిరణములు ప్రసరింపజేసి చెట్ల యెత్తును కొలుచు విద్యయు నేడు మనకు సాధ్యమే. కొలిచినదానిని దాచినచో నది యేల?

కావున హైదరాబాదు పరిసరములలో మరియొక యెకరము వేలమునకు పోకముందే, ఏ సర్వే నెంబరులో ఎన్ని చెట్లు, ఏ జాతివి, యెంత వయస్సువి యను పట్టిక ప్రభుత్వమువారు వార్డువారీగా ప్రకటింపవలెను.