ఐచ్ఛికమా? ఎవరి ఇచ్ఛ?

కొత్త కారు కొనబోయేవాళ్ల చేతిలో షోరూమువాళ్లు ఒక నున్నటి కాగితం పెడతారు. అందులో ఎడమ చివర చవక రకం, కుడి చివర ఖరీదు రకం, మధ్యలో టిక్కు గుర్తులూ అడ్డగీతలూ. టిక్కు ఉంటే ఆ సదుపాయం ఉన్నట్టు, గీత ఉంటే లేనట్టు. కవిత్వంలో, కథలో, సామెతలో, పాఠ్యపుస్తకంలో పితృస్వామ్యాన్ని చదవడం మనం నేర్చుకున్నాం. ఈ కాగితాన్ని మాత్రం మగవాళ్లకి వదిలేశాం. "ఆ లెక్కలు మీరు చూసుకోండి, రంగు నేను చెప్తా" అని పక్కకి తప్పుకుంటున్నాం. నేననేది ఇదీ ఒక పాఠమే అని. ఎవరి శరీరం ప్రమాణమో, ఎవరి శరీరం అదనపు ఖర్చో ఇంత స్పష్టంగా, ధరతో సహా అచ్చేసిన పాఠం ఇంకొకటి నాకు కనపడలేదు.

ముందుగా "ఐచ్ఛికం" అనే మాట సంగతి చూద్దాం. ఐచ్ఛికం అంటే ఇష్టమైతే తీసుకునేది, లేకపోయినా నష్టం లేనిది అని కదా అర్థం. జర్మనీలో కారుకి ఆర్డరిచ్చేవాళ్లు చాలా కంపెనీల దగ్గర ఒక్కో సదుపాయాన్నీ విడివిడిగా ఎంచుకోవచ్చు. మనకి ఆ భాగ్యం కూడా తక్కువే. ఇక్కడ సదుపాయాలన్నీ మూటలు కట్టి అమ్ముతారు. డ్రైవరు సీటు ఎత్తు పెంచుకునే మీట కావాలా? చాలా కార్లలో అది కింది రకంలో దొరకదు. పై రకానికి వెళ్లాలి. వెళ్తే దానితోపాటు అల్లాయ్ చక్రాలూ, పెద్ద తెరా, ఇంకో నాలుగు హంగులూ వచ్చి పడతాయి, అన్నిటికీ డబ్బు కట్టాలి. స్టీరింగు చక్రాన్ని ముందుకీ వెనక్కీ జరుపుకోవాలంటే ఇంకా పైమెట్టు ఎక్కాలి. కింది మెట్టుకీ పై మెట్టుకీ మధ్య తేడా లక్షల్లో ఉంటుంది.

ఆ మీట విలాసమా? మన దేశంలో స్త్రీల సగటు ఎత్తు ఐదడుగుల దగ్గర ఉంటుంది. సీటు పైకి లేవకపోతే ఆ ఎత్తున్న మనిషికి బానెట్టు చివర కనిపించదు. అందుకే మనలో ఎంతోమంది ఇంట్లోంచి దిండు తెచ్చి వేసుకుంటారు. దిండు మీద కూర్చున్న మనిషిని బెల్టు గట్టిగా పట్టి ఉంచలేదు. గుద్దుకున్నప్పుడు మెత్తటి దిండు అణిగి మనిషి కిందికి జారితే, తుంటి ఎముక మీద ఉండాల్సిన బెల్టు మెత్తటి పొట్ట మీదికి ఎక్కుతుంది. పెడళ్లు అందాలని సీటు ముందుకి లాక్కుంటే రొమ్ముకీ స్టీరింగుకీ మధ్య దూరం తగ్గిపోతుంది. ఎయిర్‌బ్యాగు విచ్చుకోవడానికి అక్కడ 25 సెంటీమీటర్లయినా ఖాళీ ఉండాలని నిపుణులు చెప్తారు. భుజం దగ్గర బెల్టుని దించుకునే వీలు లేకపోతే అది మెడని కోస్తూ ఉంటుంది. ఐదడుగుల ఎనిమిదంగుళాల మగవాడికి ఈ మూడూ అక్కర్లేదు. అతను బేస్ మోడల్లో కూర్చున్నా కారు అతని కొలతకే కుట్టిన చొక్కాలా ఉంటుంది. అదే కారులో మనం ఇమడాలంటే అదనంగా డబ్బు చెల్లించాలి. ఇది ఐచ్ఛికం కాదు, పొట్టిగా ఉన్నందుకు, అంటే ఆడదానిగా ఉన్నందుకు వేసే జరిమానా.

ఇది అనుకోకుండా జరిగిందని ఎవరైనా అంటే, కార్లని గోడకి గుద్ది పరీక్షించే చోటికి వెళ్దాం. అక్కడ సీట్లో కూర్చునే బొమ్మకి హైబ్రిడ్ 3 అని పేరు. 1976లో అమెరికాలో తయారైంది. ఎత్తు 175 సెంటీమీటర్లు, బరువు సుమారు 78 కిలోలు. దశాబ్దాల పాటు ప్రపంచంలో కార్ల భద్రత అంటే ఈ సగటు మగవాడి భద్రతే. ఆడబొమ్మ కూడా వచ్చింది కానీ, అది దాదాపు 150 సెంటీమీటర్లు, 49 కిలోలకి కుదించిన బొమ్మ. స్త్రీ అంటే చిన్న సైజు పురుషుడు అన్నమాట! మెడ కండరాలు, కటి ఎముక, కూర్చునే తీరు... ఇవేవీ లెక్కలోకి రాలేదు. సగటు స్త్రీ కొలతలతో, 162 సెంటీమీటర్ల ఎత్తు, 62 కిలోల బరువుతో ఒక బొమ్మని స్వీడన్‌లో ఆస్ట్రిడ్ లిండర్ బృందం తయారుచేసి చూపించేసరికి 2022 వచ్చింది. మన దేశంలో 2023 అక్టోబరులో మొదలైన భారత్ ఎన్‌క్యాప్‌లో, ఎదురుగా గుద్దే పరీక్షకి ముందు రెండు సీట్లలోనూ సగటు మగవాడి బొమ్మలనే కూర్చోబెట్టారు.

దీని ఫలితం మన ఎముకల మీద కనిపిస్తుంది. అమెరికాలో వర్జీనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, బెల్టు పెట్టుకున్న మగ డ్రైవర్లతో పోలిస్తే బెల్టు పెట్టుకున్న ఆడ డ్రైవర్లు తీవ్రంగా గాయపడే అవకాశం 47 శాతం ఎక్కువ. అదే విశ్వవిద్యాలయం నుంచి 2019లో వచ్చిన ఇంకో అధ్యయనం, ఎదురుగా గుద్దుకునే ప్రమాదాల్లో ఈ తేడా 73 శాతం అని తేల్చింది. ఆడవాళ్లకి నడపడం రాదు అనే పాచి జోకులకి అలవాటుపడ్డ చెవులు ఈ అంకెలని కూడా ఒకసారి వినాలి.

1990లలో అమెరికాలో జరిగింది ఇంకా ఘోరం. బెల్టు పెట్టుకోని సగటు మగవాడిని గంటకి 30 మైళ్ల వేగం దగ్గర కాపాడాలి అన్నది అప్పటి ఎయిర్‌బ్యాగు ప్రమాణం. బుద్ధిగా బెల్టు పెట్టుకోవడం అతని బాధ్యత అని ఎవరూ అనుకోలేదు. అతని నిర్లక్ష్యాన్ని తట్టుకునేంత బలంగా ఎయిర్‌బ్యాగుని పేల్చారు. ఆ దెబ్బకి చిన్న చిన్న ప్రమాదాల్లో కూడా పిల్లలూ, స్టీరింగుకి దగ్గరగా కూర్చున్న పొట్టి స్త్రీలూ చనిపోయారు. 1997లో నిబంధన మార్చి ఆ బలాన్ని తగ్గించనిచ్చారు. కాబట్టి ఒక సదుపాయాన్ని అందరికీ ఇచ్చినంత మాత్రాన సరిపోదు. ఎవరి ఒంటిని కొలిచి ఇచ్చారన్నది కూడా అడగాల్సిందే.

మరి మార్కెట్ స్త్రీల కోసం ఏమీ చెయ్యలేదా? ఎందుకు చెయ్యలేదు! 1955లో అమెరికాలో డాడ్జ్ కంపెనీ లా ఫెమ్ అనే కారు తెచ్చింది. ఉన్న కారుకే 143 డాలర్లు ఎక్కువ కడితే గులాబీ రంగూ, సరిపోయే చేతిసంచీ, లిప్‌స్టిక్ పెట్టె, గొడుగూ, వానకోటూ ఇచ్చేవారు. యంత్రంలో మార్పేమీ లేదు. రెండేళ్లలో అది మూతపడింది కానీ ఆ బుద్ధి మూతపడలేదు. మన దేశంలో ఏళ్ల తరబడి చాలా కార్లలో ముఖం చూసుకునే అద్దాన్ని ఎడమవైపు ఎండతెరకే పెట్టారు. ఆడది కూర్చునే చోటు పక్కసీటేనని, అక్కడ ఆమెకి ఉండే పని బొట్టు సరిచేసుకోవడమేనని వాళ్లకి ముందే తెలుసు. అదే కాలంలో చవక రకాలకి బయట ఎడమవైపు, వెనక వచ్చే బండిని చూపించే అద్దం ఉండేది కాదు. విడిగా కొని బిగించుకోవాలి. ముఖం చూసుకోవడానికి అద్దం, రోడ్డు చూసుకోవడానికి మాత్రం అదనపు డబ్బు.

వేరేలా ఆలోచించడం సాధ్యమేనా అంటే, సాధ్యమే. 2004లో వోల్వో కంపెనీలో స్త్రీలే నిర్ణయాలు తీసుకుని వైసీసీ అనే నమూనా కారు చేశారు. కొనేవాళ్ల ఒంటి కొలతలు తీసి తాళంచెవిలో భద్రపరిస్తే, సీటూ స్టీరింగూ పెడళ్లూ ఆ ఒంటికి తగ్గట్టు అమరేలా ఊహించారు. అంటే మనిషి కారులో ఇమడక్కర్లేదు, కారే మనిషికి ఇమడాలి. ప్రదర్శనలో అందరూ మెచ్చుకున్నారు. అమ్మకానికి మాత్రం రాలేదు.

షోరూము సంగతి కూడా చెప్పాలి. కిందటేడు నా జీతంతో, నా పేరున కారు తీసుకుందామని వెళ్లినప్పుడు తోడుగా మా తమ్ముడు వచ్చాడు. మైలేజీ, ఇంజను, వాయిదాలు అన్నీ ఆ అబ్బాయి మా తమ్ముడికే చెప్పాడు. "అక్క కొనుక్కుంటోందండీ, అక్కతో మాట్లాడండి" అన్నాడు వాడు. "అలాగే సార్, మేడమ్‌కి కలర్స్ చూపించమంటారా?" అని అడిగాడు ఆ అబ్బాయి, చాలా మర్యాదగా. సీటు ఎత్తు గురించి నేనడిగితే, "మేడమ్ కోసం మంచి కుషన్ ఉంది, యాక్సెసరీస్‌లో వస్తుంది" అన్నాడు. ఆ కుర్రాణ్ణి ఏమనగలం? కాగితంలో రాసిందే అతను నోటితో చెప్పాడు.

కారు డ్రైవరు సీటుతో అయిపోదు. మన కుటుంబాల్లో వెనకసీటు మధ్యలో ఎవరు కూర్చుంటారో గమనించండి. కిటికీ పక్కన అత్తగారు, ఇంకో పక్క పిల్లవాడు, నడుమ ఒళ్లో టిఫిన్ సంచీ పెట్టుకుని కోడలు. ఎన్నో ఏళ్లు ఎన్నో కార్లలో ఆ చోటుకి భుజం మీదుగా వచ్చే బెల్టు లేదు, నడుముకి కట్టే పట్టీ మాత్రమే. తల వెనక ఆనుకునే దిండు కూడా ఉండేది కాదు. భోజనాల దగ్గర ఆఖరి విస్తరి ఎవరిదో, కారులో ఆఖరి బెల్టూ వాళ్లదే. 2022 సెప్టెంబరులో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ వెనకసీట్లో బెల్టు లేకుండా ప్రయాణిస్తూ చనిపోయాకే వెనకసీటు గురించి దేశం మాట్లాడింది. ఆ సీట్లో అంతకుముందు చనిపోయిన ఆడవాళ్లు ఎవరికీ చర్చ కాలేదు.

ఈ రకాల నిచ్చెనకి మన దగ్గర ఇంకో క్రూరమైన ఉపయోగం ఉంది. అది కట్నం బేరం. వరకట్న నిషేధ చట్టం వచ్చింది 1961లో. అయినా "కారు పెడతాం" అన్న మాట దగ్గర ఇప్పుడు బేరం ఆగడం లేదు, ఏ కారు, అందులో ఏ రకం అన్నదాకా వెళ్తోంది. కేరళలోని కొల్లం జిల్లాలో 2021 జూన్‌లో ఒక వైద్య విద్యార్థిని అత్తింట్లో చనిపోయింది. కట్నంగా ఇచ్చిన కారు తనకి నచ్చలేదని భర్త ఆమెని కొట్టేవాడు. 2022 మేలో కోర్టు అతనికి పదేళ్ల శిక్ష వేసింది. ఆ కారుకి అమ్మాయి తండ్రి డబ్బు కట్టాడు. రకం నచ్చకపోతే ఒళ్లు హూనమయ్యేది అమ్మాయికి. ఐచ్ఛికం అన్న మాట ఎవరి నోట ఎలా పలుకుతుందో ఇంతకంటే చెప్పాలా?

కంపెనీల జవాబు మనకి తెలుసు. "అన్నీ అందరికీ ఇస్తే ధర పెరుగుతుంది, పేదవాడు కారు కొనలేడు." ఈ పాట పాతది. అమెరికాలో 1956లో ఫోర్డ్ కంపెనీ సీటు బెల్టుని అదనపు వస్తువుగా అమ్మింది. 1968 నుంచి అది చట్టం. ఆ తర్వాత అక్కడ కార్లు అమ్ముడవడం మానలేదు. మన దేశంలో 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ ఐదు చిన్న కార్లని ఎయిర్‌బ్యాగుల్లేని రకాలతో పరీక్షిస్తే ఐదింటికీ సున్నా నక్షత్రాలే వచ్చాయి. వాటిలో ఒకటైన పోలోని రెండు ఎయిర్‌బ్యాగులతో మళ్లీ గుద్దితే నాలుగు నక్షత్రాలు వచ్చాయి. కారు అదే, తేడా అల్లా ఏ రకం కొన్నారన్నదే. అంత తెలిశాక కూడా డ్రైవరు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అయింది 2019 జూలైలో. పక్కసీటుకి ఇంకా రెండేళ్లు పైన పట్టింది. ముందు అతనికి, తర్వాత ఆమెకి! ఆరు ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి చేస్తామని 2022లో ముసాయిదా తెచ్చి, ఒకసారి వాయిదా వేసి, 2023లో అక్కర్లేదని ప్రభుత్వం వెనక్కి తగ్గింది. కొన్ని కంపెనీలు తర్వాత తమంతట తామే అన్ని రకాల్లోనూ ఇవ్వడం మొదలుపెట్టాయి. ఇవ్వగలరని తేలిపోయింది కదా. మరి ఇన్నాళ్లూ ఎందుకివ్వలేదు?

"కారు కొనే ఆడవాళ్లెంతమంది, ఇదంతా మధ్యతరగతి గోల" అనే స్నేహితులున్నారు. వాళ్ల మాటలో నిజం ఉంది. కానీ రెండు చక్రాల బండి మాటేమిటి? చీరో చున్నీయో చక్రంలో చుట్టుకోకుండా వెనక చక్రాన్ని సగమైనా కప్పే అడ్డు ఉండాలని, పట్టుకోవడానికి పిడి ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది చెప్తోంది. అయినా శారీ గార్డు అనే ఆ అడ్డుని షోరూముల్లో యాక్సెసరీ కింద అమ్మడం మనందరం చూశాం. చట్టం తప్పనిసరి అన్నదాన్ని కూడా బజారు మనకి అదనం అనగలదు. ప్రాణం విలువ డబ్బునిబట్టి ఉండటం వర్గ సమస్యే. కింది మెట్టు మీద ఎవరున్నారో చూస్తే అది జెండర్ సమస్య కూడా.

కాబట్టి మనం అడగాల్సినవి స్పష్టంగానే ఉన్నాయి. సీటు ఎత్తు, బెల్టు ఎత్తు, స్టీరింగు దూరం మార్చుకునే వీలు ప్రతి రకంలోనూ ఉండాలి. ప్రతి సీటుకీ పూర్తి బెల్టు ఉండాలి. పరీక్షలో డ్రైవరు సీట్లో సగటు స్త్రీ బొమ్మ కూర్చోవాలి, ఆమెకి ఎన్ని నక్షత్రాలు వచ్చాయో విడిగా ప్రకటించాలి. సన్‌రూఫు ఐచ్ఛికంగా ఉండనివ్వండి, అల్లాయ్ చక్రాలు ఉండనివ్వండి. మా మెడలూ, మా రొమ్ములూ, మా కడుపులో పిల్లలూ ఐచ్ఛికం కాదు.

స్త్రీల అధ్యయన కేంద్రాల్లో పనిచేసే మిత్రులారా, ఇంజనీరింగు కాలేజీల్లో పాఠాలు చెప్పే అక్కచెల్లెళ్లారా, ఈ కొలతల రాజకీయం మీద తెలుగులో రాయాల్సింది ఎంతో ఉంది. రంగు మనం చెప్పొచ్చు, తప్పు లేదు. కానీ అంతకుముందు ఒక్క ప్రశ్న అడుగుదాం: ఈ కారుని గోడకి గుద్దినప్పుడు లోపల కూర్చున్నది ఎవరు?