వంటింట్లో ఉన్న పాఠం పుస్తకంలో ఎందుకు లేదు?

ఇండక్షన్ స్టవ్ మీద అయస్కాంతం అతుక్కునే స్టీలు గిన్నె పెడితే నీళ్లు నిమిషాల్లో మరుగుతాయి. మామూలు అల్యూమినియం గిన్నె పెడితే స్టవ్ పనిచేయనంటుంది. ఎందుకని పిల్లలు అడిగితే జవాబిచ్చే పాఠం 12వ తరగతి భౌతికశాస్త్రంలో ఉండేది. చదువు భారం తగ్గించడం కోసమంటూ 2022లో ఎన్‌సీఈఆర్‌టీ ఆ ‘ఎడ్డీ కరెంట్లు’ విభాగాన్ని తీసేసింది. అది సరైన నిర్ణయం కాదు.

ఎడ్డీ అంటే సుడి. లోహం గుండా పోయే అయస్కాంత క్షేత్రం మారినప్పుడల్లా ఆ లోహంలో కరెంటు పుడుతుంది. తీగలోనైతే దానికి ఒక దారి ఉంటుంది. గిన్నె అడుగులాంటి వెడల్పాటి లోహంలో మాత్రం ఏటి సుడిలా అక్కడికక్కడే చుట్టలు తిరుగుతుంది. తనను పుట్టించిన మార్పునే ఎదిరిస్తుంది, లోహాన్ని వేడెక్కిస్తుంది. 1855లో ఫ్రెంచి శాస్త్రవేత్త లియోన్ ఫూకో అయస్కాంత ధ్రువాల మధ్య రాగి పళ్లేన్ని తిప్పి ఈ రెండింటినీ చూపించాడు.

ఆ వేడితోనే స్టవ్ వంట చేస్తుంది. అందులోని తీగచుట్టలో కరెంటు సెకనుకు 20 వేల సార్లకు పైగా దిశ మార్చుకుంటుంది. ఇనుములో సుడులు పలుచటి పైపొరకే పరిమితమవుతాయి, అక్కడ నిరోధం ఎక్కువ కాబట్టి గిన్నె కాగుతుంది. అల్యూమినియం కరెంటును తేలిగ్గా పోనిస్తుంది, అందుకే వేడి చాలదు.

ట్రాన్స్‌ఫార్మర్‌లో అదే వేడి నష్టం. అందుకే పొలం గట్టున కనిపించే ట్రాన్స్‌ఫార్మర్ లోపల ఒకే ఇనుప దిమ్మ ఉండదు. పావు మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ మందమున్న సిలికాన్ ఉక్కు రేకులకు పూత పూసి, ఒకదాని నుంచి ఒకదానికి కరెంటు పాకకుండా పేరుస్తారు. రేకు మందం సగమైతే సుడుల వల్ల కలిగే నష్టం నాలుగో వంతుకు దిగుతుంది. పాత కరెంటు మీటర్లో అల్యూమినియం చక్రాన్ని తిప్పేవీ, దాని వేగాన్ని అదుపు చేసేవీ ఈ సుడులే.

వంటింట్లో, పొలంలో, గోడ మీది మీటర్లో కనిపించేది పిల్లలకు భారం ఎలా అవుతుంది?

పైగా దీన్ని చూపించడానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. ఓ మూరెడు రాగి గొట్టం, అందులో పట్టే బలమైన నియోడిమియం అయస్కాంతం చాలు. రాగికి అయస్కాంతం అంటుకోదని పిల్లలకు ముందే తెలుసు. అయినా గొట్టంలో వదిలిన అయస్కాంతం ఎవరో పట్టి ఆపుతున్నట్టు మెల్లగా దిగుతుంది. పక్కనే వదిలిన గులకరాయి టక్కున కింద పడుతుంది. ఆ తేడా చూసిన పిల్లలు కారణం తామే అడుగుతారు.

ఎన్‌సీఈఆర్‌టీ ఆ విభాగాన్ని తిరిగి పుస్తకంలో చేర్చాలి. అంతవరకు ఆగకుండా ఫిజిక్స్ ఉపాధ్యాయులు ఈ వారమే ఆ గొట్టాన్ని తరగతికి పట్టుకెళ్లాలి.