పోలీసు చర్యలో పోలీసులెక్కడ?

మాటలకు అర్థం చెప్పడమే వృత్తిగా బతికినవాణ్ణి. ‘పోలీసు చర్య’ అన్న మాట మాత్రం నాకు ఇప్పటికీ కొరుకుడు పడదు.

1948 సెప్టెంబరు 13న షోలాపూర్ వైపు నుండి హైదరాబాదు సంస్థానంలో ప్రవేశించినది మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి నాయకత్వంలోని ఒకటవ ఆర్మర్డ్ డివిజన్. బెజవాడ వైపు నుండి మేజర్ జనరల్ రుద్ర దళం మా నల్లగొండ జిల్లాలో అడుగుపెట్టింది. టాంకులు, ఫిరంగులు, విమానాలు! నిజాం అప్పటికే ఐక్యరాజ్యసమితికి ఫిర్యాదు చేసి ఉన్నాడు కనుక, ఇది ఇంటి వ్యవహారమని లోకానికి చెప్పడానికి ఆ పేరు పనికివచ్చింది.

17న నిజాం లొంగిపోయాడు. రజాకార్ల పీడ విరగడై పల్లెలు ఊపిరి పీల్చుకున్న మాట నిజం. కాని సైన్యం వెళ్ళిపోలేదు. నల్లగొండలో కమ్యూనిస్టు దళాల వేట సాగింది. 1951 అక్టోబరులో గాని సాయుధ పోరాటం విరమించబడలేదు. సంస్థానంలో జరిగిన హత్యాకాండలో 27 వేల నుండి 40 వేల మంది చనిపోయారని అంచనా వేసిన సుందర్‌లాల్ కమిటీ నివేదిక దశాబ్దాల తరబడి వెలుగు చూడలేదు. మృతులలో అత్యధికులు ముస్లింలు.

సాంఘికశాస్త్రం ఉపాధ్యాయుడు సెలవు పెట్టిన ఒకనాడు ఆ పాఠం నేను చెప్పవలసి వచ్చింది. “అయిదు రోజుల్ల అయిపోతే మిలిట్రీ మూడేండ్లు ఎందుకున్నది సార్?” అని ఒక పిల్లవాడు అడిగాడు. “పుస్తకంలో లేదు, కూర్చో” అన్నాను. ఆ జవాబుకు నేటికీ సిగ్గుపడుతున్నాను.

విమోచనమా, విలీనమా అని ఏటా తగవులాడుకుంటాము. సెప్టెంబరు 18 తరువాతి కథ మీ పెద్దలెవరైనా చెప్పి ఉంటే, దయచేసి రాసి పెట్టండి.