మైదానానికీ మార్కులకూ మధ్య కులం

మద్రాసు ఐఐటీ 2024–25 విద్యా సంవత్సరం నుంచి క్రీడాకారులకు ప్రత్యేక ప్రవేశాలు మొదలుపెట్టింది. ప్రతి డిగ్రీ కోర్సులో రెండేసి అదనపు సీట్లు, అందులో ఒకటి అమ్మాయిలకు. జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకుల జాబితాలో పేరుండి, గత నాలుగేళ్లలో జాతీయ లేదా అంతర్జాతీయ స్థాయిలో కనీసం ఒక పతకం గెలిచినవారు వీటికి అర్హులు. మామూలు పోటీలో సీటు రాని ర్యాంకుతో కూడా ఈ దారిలో ప్రవేశం పొందవచ్చు. ఇది మంచి నిర్ణయం. ఒక పరీక్షలో వచ్చిన ర్యాంకు మనిషి శక్తికి పూర్తి కొలమానం కాదని దేశంలోని అగ్రశ్రేణి సంస్థ ఒకటి ఒప్పుకున్నట్టే కదా.

ఈ సీట్ల వల్ల ప్రతిభ మంటగలిసిందన్న గగ్గోలు మాత్రం నాకు ఎక్కడా వినబడలేదు. క్రీడాకారుడికి ర్యాంకులో సడలింపు ఇస్తే దాన్ని ‘సర్వతోముఖ వికాసం’ అంటాం. తరతరాలుగా అక్షరానికి దూరంగా ఉంచబడిన కులాల బిడ్డకు అదే సడలింపు ఇస్తే ‘ప్రమాణాల పతనం’ అంటాం. సడలింపు ఒకటే అయినా పేర్లు రెండు. ఆ పేర్లు పెడుతున్నది కులమే.

పదిహేనేళ్లుగా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతున్న నాకు తల్లిదండ్రులూ సహాధ్యాపకులూ తరచూ వేసే ప్రశ్న ఒకటుంది: ఆటలాడే విద్యార్థులు చదువులో వెనకబడతారా, ముందుంటారా? ఆటల వల్ల ఏకాగ్రత పెరుగుతుందని కొందరూ, సమయం వృథా అవుతుందని మరికొందరూ వాదిస్తారు. ఆడేవాళ్ల మార్కులను ఆడనివాళ్ల మార్కులతో పోల్చి ఇద్దరూ తీర్పులు చెబుతారు. అయితే ఆ పోలికలోనే లోపం ఉంది. సాయంత్రం అయిదు గంటలకు బూట్లు కట్టుకుని మైదానానికి వెళ్లగలిగే విద్యార్థికి అప్పటికే కొన్ని సమకూరి ఉంటాయి. కడుపునిండా తిండి, ఇంటి నుంచి నెలనెలా డబ్బు, చిన్ననాటి శిక్షణ, ఓడిపోయినా ఆదుకునే కుటుంబం. అతడికి మంచి మార్కులు వస్తే అందులో ఆట పాలెంత, ఈ వసతుల పాలెంత? అదే సాయంత్రం మరో విద్యార్థి బిర్యానీ పొట్లాలు చేరవేస్తుంటాడు, లేదా పెళ్లి భోజనాల దగ్గర వడ్డిస్తుంటాడు. అతడు ఆడనివాళ్ల లెక్కలో చేరతాడు. అతడికి తక్కువ మార్కులు వస్తే ఆటలకు దూరమైనందుకే వచ్చాయని తేల్చడం హాస్యాస్పదం. తీరిక కూడా ఒక ఆస్తే. ఈ దేశంలో భూమి మాదిరే తీరిక కూడా కులాన్నిబట్టే పంపిణీ అయింది.

మైదానం కులానికి అతీతమన్నది మనం ఇష్టంగా నమ్మే కథ. పల్వంకర్ బాలూ జీవితం ఆ కథను ఒప్పుకోదు. చమార్ కులంలో పుట్టిన బాలూ పూనాలో ఆంగ్లేయుల క్లబ్బు మైదానాన్ని చదును చేసే పనివాడిగా ఉండేవాడు. నెట్స్‌లో దొరలకు గంటల తరబడి బంతులు వేశాడు, బ్యాటు మాత్రం అతడి చేతికి రాలేదు. హిందూ జట్టు గెలవాలంటే అతడి బౌలింగ్ కావలసి వచ్చింది. విరామంలో మాత్రం అతడికి టీ వేరే మట్టి పాత్రలో పోశారు. 1911లో ఇంగ్లండ్ వెళ్లిన భారత జట్టు తరఫున వందకు పైగా వికెట్లు తీసినా హిందూ జట్టు నాయకత్వం అతడికి దక్కలేదు. తమ్ముడు విఠల్‌కు అది దక్కడానికి 1923 దాకా ఆగవలసి వచ్చింది. ఆ కులాల దేహాన్ని వాడుకోవడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. నాయకత్వానికి కావలసిన బుద్ధి వాళ్లకు ఉందని ఒప్పుకోవడమే కష్టమైంది.

ఈ విభజన నేటికీ పోలేదు. శ్రమ చేసే దేహం కొందరిది, ఆలోచించే మెదడు మరికొందరిది అన్నదే కుల వ్యవస్థ నేర్పిన తొలి పాఠం. టెన్నిస్ ఆడే విద్యార్థిలో వ్యక్తిత్వ వికాసాన్ని చూసే కళ్లు, కబడ్డీ ఆడే దళిత విద్యార్థిలో మొరటు బలాన్నే చూస్తాయి. అతడు గెలిస్తే ‘వాళ్లకు అది సహజం’ అంటారు, పరీక్ష తప్పితే ‘ఆటలకే పనికొస్తాడు’ అంటారు. గెలుపులో అతడి సాధనకూ, ఓటమిలో అతడి పరిస్థితులకూ గుర్తింపు లేదు.

ఎయిమ్స్‌లో కుల వివక్షపై సుఖదేవ్ థోరట్ అధ్యక్షతన ఏర్పాటైన కమిటీ 2007లో నివేదిక ఇచ్చింది. తరగతి గదిలోనే కాదు, హాస్టల్‌లో, భోజనశాలలో, ఆటస్థలంలో కూడా దళిత, ఆదివాసీ విద్యార్థులు ఒంటరితనాన్ని ఎదుర్కొంటున్నారని అది నమోదు చేసింది. ఇది చిన్న విషయం కాదు. విశ్వవిద్యాలయంలో పరిచయాలు సగం మైదానంలోనే ఏర్పడతాయి. ఏ ఆచార్యుడి దగ్గర పరిశోధనకు చేరాలి, ఏ పుస్తకం ముందు చదవాలి, ఏ సంస్థలో ఉద్యోగం ఉంది వంటి కబుర్లన్నీ ఆట ముగిశాక టీ కొట్టు దగ్గర చేతులు మారతాయి. జట్టులో చోటులేని విద్యార్థి ఆటతోపాటు ఆ సమాచారాన్ని కూడా కోల్పోతాడు. ఆటకూ చదువుకూ అసలైన సంబంధం ఇక్కడే ఉంది.

పతకం వస్తే కులం పోతుందనుకుంటే అదీ భ్రమే. 2021 టోక్యో ఒలింపిక్స్ సెమీఫైనల్‌లో భారత మహిళల హాకీ జట్టు ఓడిపోగానే, హరిద్వార్ దగ్గర వందనా కటారియా ఇంటి ముందు టపాసులు కాల్చి కులం పేరుతో దూషించారు. అదే ఒలింపిక్స్‌లో ఆమె దక్షిణాఫ్రికాపై మూడు గోల్స్ చేసింది. దేశానికి గోల్స్ ఇచ్చినా ఆమె కుటుంబానికి గౌరవం దక్కలేదు.

అవకాశం ఇస్తే ఏం జరుగుతుందో తెలుగు నేల చూసింది. 2014 మే 25న సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కారు. అప్పటికి పూర్ణకు 13 ఏళ్లు. వాళ్లు ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఒక ప్రభుత్వ వ్యవస్థ తిండి, శిక్షణ, నమ్మకం మూడూ ఇచ్చింది. అక్కడ చదువును, సాహసాన్ని ఒకదానికొకటి శత్రువులుగా చూడలేదు.

అలాంటి పిల్లలు విశ్వవిద్యాలయాలకు వచ్చేసరికి ఆ దారి మూసుకుపోతోంది. ఉపకార వేతనాలు, ఫీజు రీయింబర్స్‌మెంట్ 75 శాతం హాజరుతో ముడిపడి ఉన్నాయి. అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు ఎంపికైతే శిబిరం, ప్రయాణం, పోటీలు కలిపి తరగతులకు కొన్ని వారాలు దూరం కావలసి వస్తుంది. ఆ రోజులను హాజరుగా పరిగణించాలన్న నియమం కాగితంపై ఉన్నా, దాన్ని సాధించుకోవడానికి విద్యార్థి ఒక్కో గది చుట్టూ తిరగాలి. సొంత డబ్బుతో ఫీజు కట్టేవాడికి హాజరు తగ్గితే ఇబ్బంది. ఉపకార వేతనంపై బతికేవాడికి చదువే ఆగిపోతుంది. అందుకే ఎంతోమంది మొదటి తరం విద్యార్థులు బూట్లు మూలన పడేస్తారు. దాన్ని మనం ‘ఆసక్తి లేకపోవడం’ అని రాసుకుంటాం.

చదువుకూ ఆటలకూ మధ్య గోడ ఉండకూడదని 2020 జాతీయ విద్యావిధానం చెబుతోంది. క్రీడా సౌకర్యాల్లో విద్యార్థులను వేరుగా చూడటాన్ని 2012 నాటి యూజీసీ సమానత్వ నిబంధనలు వివక్షగా గుర్తించాయి. అమలుకు పెద్ద ఖర్చేమీ అక్కరలేదు. పోటీలకు వెళ్లిన రోజులు ఉపకార వేతనాల హాజరులో వాటంతటవే జమ కావాలి. తప్పిపోయిన అంతర్గత పరీక్షను మళ్లీ పెట్టడం అధ్యాపకుడి దయగా కాక విద్యార్థి హక్కుగా ఉండాలి. ప్రతి విశ్వవిద్యాలయం తన జట్లలో, శిక్షకులలో ఏ సామాజిక వర్గాలవారు ఎందరున్నారో ఏటా ప్రకటించాలి. క్రీడాకారుల అదనపు ఆహారం, బూట్ల ఖర్చు సంస్థే భరించాలి. ఎంపికలో వివక్ష జరిగిందన్న ఫిర్యాదును క్రీడా విభాగానికే తిప్పిపంపకుండా సమాన అవకాశాల విభాగం స్వయంగా విచారించాలి.

ఈ డిమాండ్లను విద్యార్థి సంఘాలు కూడా తమ ఎజెండాలోకి తీసుకోవాలి. మెస్ బిల్లు, ఫెలోషిప్, హాస్టల్ గది గురించి పోరాడినంత గట్టిగా మైదానం గురించి మనం ఇంకా పోరాడలేదు. జట్టు ఎంపిక జాబితా నోటీసు బోర్డు మీదికి వచ్చిన రోజున అందులో ఎవరున్నారో చూడటంతో ఆగకూడదు. ఎవరు లేరో, ఎందుకు లేరో అడగాలి.