ఫోను కూత పెడితే పొయ్యి ఆర్పాలా?

బోరబండ సైట్-3 నుంచి ఒక చెల్లెలు ఉత్తరం రాసింది. పేరు వేయొద్దంది కనుక వేయడం లేదు. ఆవిడ రాసింది ఇలా ఉంది:

"అక్కా, 2023లో గణేశ్ మండపాలు పెట్టిన వారంలో అనుకుంటా, పప్పుకి కుక్కరు పెట్టి ఉల్లిపాయలు కోస్తున్నాను. ఫోను ఎన్నడూ వినని గొంతుతో ఒక్కసారిగా అరిచింది. గిలగిలా వణికింది. మా అత్తమ్మ అది పేలిపోతుందేమోనని బియ్యం డబ్బాలో కుక్కి మూత పెట్టింది. పక్కింటామె బ్యాంకులో డబ్బులు పోయినట్టేనని ఏడుస్తూ వచ్చింది. సాయంత్రం మా ఆయన వచ్చి, అది ఉత్త పరీక్షేనన్నాడు. సరే. మరి 2020లో మా బస్తీలో భూమి లోపలి నుంచి చప్పుళ్ళు వచ్చి, చంటిపిల్లల్ని ఎత్తుకుని చీకట్లో రోడ్డు మీదకి పరుగెత్తాం కదా, అప్పుడు ఏ ఫోనూ అరవలేదేం? ఏమీ లేనినాడు అరిచి, ఉన్ననాడు నోరు మూసుకునేదాన్ని నమ్మేదెట్లా? మళ్ళీ మోగితే నేను చేయాల్సిందేంటి? పొయ్యి ఆర్పాలా?"

చెల్లెమ్మా, మీ ఉత్తరం చదివి ముందు నవ్వుకున్నాను గానీ, రెండోసారి చదివితే నవ్వు రాలేదు. మీరడిగింది చాలా పెద్ద ప్రశ్న.

ముందు ఆ కూత సంగతి చెప్పుకుందాం. 2023 జూలై నుంచి కేంద్ర టెలికాం శాఖ, జాతీయ విపత్తు నిర్వహణ సంస్థతో కలిసి, దేశమంతటా దఫదఫాలుగా ఈ పరీక్షలు జరిపింది. తుపానో, వరదో వచ్చినప్పుడు జనానికి క్షణాల్లో చెప్పాలని ఈ ఏర్పాటు. సెల్ బ్రాడ్‌కాస్ట్ అంటారు. మామూలు ఎస్సెమ్మెస్ పోస్టుమాన్ లాంటిది. నంబరు చూసుకుని, ఇల్లు వెతుక్కుని, ఒక్కొక్కరికే ఇచ్చి వెళ్తుంది. ఇది గుళ్ళో మైకు లాంటిది. టవరు ఒకసారి పలికితే ఆ చుట్టుపక్కల ఎన్ని ఫోన్లుంటే అన్నీ వింటాయి. మీ నంబరు దానికి తెలియదు, తెలియనక్కరలేదు. ఇంటర్నెట్టూ అక్కర్లేదు. కాబట్టి పక్కింటావిడ డబ్బులకి దానివల్ల వచ్చిన ముప్పేమీ లేదు. ఆవిడకి ఈ మాట చెప్పండి, పాపం ఇప్పటికీ ఆ భయం ఉందేమో!

అయితే ఆవిడ భయపడడంలో తప్పు ఉందా? నాకైతే కనిపించదు. పైన పెద్ద అక్షరాలతో 'ఎమర్జెన్సీ అలర్ట్' అని ఉంది. కింద ఇంగ్లీషులో బారెడు పేరా. ఇది పరీక్ష మాత్రమే, పట్టించుకోనక్కరలేదు అన్న ముక్క ఆ పేరాలో దాక్కుంది. తడి చేతులు చీరకొంగుకి తుడుచుకుని, కళ్ళజోడు వెతుక్కుని, అంతదాకా చదివేలోగా కంగారులో ఏదో బటన్ నొక్కేస్తాం, మెసేజీ మాయమవుతుంది. కొందరికి తెలుగులోనూ వచ్చింది. కొందరికి రెండుసార్లు వచ్చింది. కొందరికి అసలు రాలేదు. పక్కపక్క ఇళ్ళలో ఒకరికి వచ్చి ఒకరికి రాకపోతే, వచ్చినవాళ్ళు తమ ఫోనుకే ఏదో అయిందనుకోరూ?

ముందే ప్రకటన ఇచ్చాం కదా అంటారు పెద్దలు. ఇచ్చారు. కానీ మన పల్లెల్లో దండోరా వేసేవాడు వీధి మొదట్లో డప్పు కొట్టి, జనం గుమ్మాల్లోకి వచ్చేదాకా ఆగి, అప్పుడు మాట చెప్పేవాడు. అర్థం కాకపోతే "ఏందయ్యా అది?" అని నిలబెట్టి అడిగేవాళ్ళం. ఈ ఫోను డప్పు మాత్రం గట్టిగా కొట్టింది గానీ, నిలబెట్టి అడగడానికి మనిషి లేడు.

ఇక మీ రెండో మాట. 2020 అక్టోబరు మొదట్లో బోరబండలో వచ్చిన ఆ చప్పుళ్ళు నాకూ గుర్తున్నాయి, పేపర్లన్నీ రాశాయి. మన హైదరాబాదులోనే ఉన్న జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ వాళ్ళు లెక్కకట్టి, అవి రిక్టర్ స్కేలు మీద 1.4, అంతకు లోపు ఉండే చిన్న ప్రకంపనలని చెప్పారు. మీ నేలంతా రాతిబండ. పెద్ద వానలు కురిసినప్పుడు నీరు బండల పగుళ్ళలోకి దిగి, లోపల ఒత్తిడి పెరిగి, బండలు కాస్త సర్దుకుంటాయి. ఆ సర్దుకోవడమే మీకు వినిపించిన చప్పుడు. అంతకు ముందు 2017లోనూ బోరబండ, రహమత్‌నగర్ వైపు ఇలాగే అయింది.

భూకంపం ఫలానా రోజు వస్తుందని ముందుగా చెప్పగల విద్య ఇంతవరకు ఏ దేశానికీ పట్టుబడలేదు. జపానులో మోగేది కూడా, భూమి ఒకచోట కదలడం మొదలయ్యాక, ఆ కదలిక ఇంకోచోటికి చేరేలోగా దొరికే కొద్ది క్షణాల్లోనే. 2024 డిసెంబరు 4 పొద్దున ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం హైదరాబాదులో కూడా తెలిసింది, చాలామంది మంచాలు కదిలాయన్నారు. కాబట్టి 2020లో ఆ రాత్రి ఫోను అరవలేదని దాన్ని తిట్టి లాభం లేదు.

కానీ తిట్టదగ్గ చోటు వేరే ఉంది, మీరు వదిలేశారు. అదే నెల 13న హైదరాబాదు మీద కుండపోత కురిసింది. చెరువుల గట్లు తెగి కాలనీలు మునిగాయి. పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. వాన, వరద భూకంపం లాంటివి కావు. మబ్బు కనిపిస్తుంది, చెరువు నిండడం కనిపిస్తుంది. చెప్పడానికి గంటల వ్యవధి ఉంటుంది. 2020లో ఈ కూత మనకింకా లేదు, ఒప్పుకుందాం. 2023లో పరీక్షలు చేశారే, మరి 2024 సెప్టెంబరు 1న విజయవాడలో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ఇళ్ళలోకి నీళ్ళొచ్చినప్పుడో? ముందుగా చెప్పిన దిక్కు లేదని అక్కడివాళ్ళు ఎందరో వాపోయారు. పరీక్షలో ఎన్ని ఫోన్లు మోగాయన్నది ఒక లెక్క. గట్టు మీద నిలబడ్డ ఉద్యోగి నీళ్ళు చూసి, ఎవరికి ఫోను చేస్తే ఆ కూత మన వీధికి చేరుతుందన్నది ఇంకో లెక్క. నాకు ఆ రెండోదే ముఖ్యమనిపిస్తుంది. అది యంత్రం పని కాదు, మనుషుల పని.

ఇలాంటి తికమకలు మన దేశానికే వచ్చాయనుకోకండి. అమెరికాలో 2018 జనవరి 13న, హవాయి దీవుల్లో జనం పొద్దున్నే కాఫీలు తాగే వేళ, క్షిపణి వచ్చి పడుతోంది, పరీక్ష కాదు అని ఫోన్లన్నీ మోగాయి. డ్యూటీలో ఉన్న ఉద్యోగి పొరపాటు. తప్పని గవర్నరుగారికి రెండు నిమిషాల్లోనే తెలిసింది. అయినా జనానికి చెబుదామంటే ఆయనకి ట్విట్టర్ పాస్‌వర్డ్ తెలియదట! ఫోన్లకి దిద్దుబాటు కబురు వెళ్ళేసరికి 38 నిమిషాలు. ఆ 38 నిమిషాల్లో ఎంతమంది తల్లులు పిల్లల్ని స్నానాల గదుల్లో కూర్చోబెట్టుకుని ఏడ్చారో!

ఇంగ్లండులో 2023 ఏప్రిల్ 23న, ఆదివారం మధ్యాహ్నం 3 గంటలకి మోగుతుందని నెల ముందు నుంచీ చాటారు. తీరా చూస్తే కొందరికి నిమిషం ముందే మోగింది, ఒక కంపెనీ ఫోన్లలో చాలావాటికి రానేలేదు. వేల్స్ భాషలో పంపిన కబురులో 'క్షేమం' అనే మాట తప్పుపడి, ఎక్కడో స్లోవేనియాలో మంచు మీద జారుతూ ఆడుకునే చోటు పేరయి కూర్చుంది. జనం నవ్వుకున్నారు.

ఆ నవ్వుల కింద అక్కడ మరుగునపడిన మాట ఒకటుంది. అది చెప్పడానికే ఈ వారం వంటల సంగతి పక్కన పెట్టాను.

భర్త కొడతాడని, చంపుతాడని భయపడే ఆడవాళ్ళు కొందరు అతనికి తెలియకుండా రెండో ఫోను దాచుకుంటారు. బియ్యం డబ్బాలోనో, పాత చీరల మడతల్లోనో. పుట్టింటికి ఒక మాట చెప్పుకోవడానికి, ఆపదలో సాయం అడగడానికి వాళ్ళకి ఉన్న దారి అదొక్కటే. ఈ కూత సైలెంటులో పెట్టిన ఫోనులో కూడా గట్టిగా వినిపిస్తుంది. అంటే దాచిన ఫోను తానే కేకవేసి తన చోటు చెప్పేస్తుంది. ఇంగ్లండులో రెఫ్యూజ్ అనే సంస్థ ఈ సంగతి ముందే గ్రహించి, ఆ కూతను ఆపుకునే పద్ధతి ఆడవాళ్ళకి పరీక్షకి ముందే నేర్పింది.

మన దగ్గర అలాంటి ఆడవాళ్ళు లేరా? ఈ పేజీకి వచ్చే ఉత్తరాలు చూసే నాకు, లేరనడానికి నోరు రాదు. అందుకని ఆ అవసరం ఉన్నవారి కోసం రాస్తున్నాను. వాడనప్పుడు ఆ ఫోను సైలెంటులో కాదు, పూర్తిగా స్విచాఫ్ చేసి ఉంచండి. ఆపేసిన ఫోను అరవదు. లేదా చాలా ఫోన్లలో సెట్టింగ్స్‌లో ఎమర్జెన్సీ అలర్ట్స్ అని ఉంటుంది, అక్కడ ఆపుకునే వీలుండొచ్చు, కానీ దాని మీదే పూర్తిగా ఆధారపడొద్దు. ఆ మాట కనిపించకపోతే నమ్మకమైన మనిషిచేత వెతికించండి. ఆపదలో 112, ఆడవాళ్ళ సాయానికి 181. మిగతావాళ్ళు మాత్రం దాన్ని ఆపొద్దు. విసుగనిపించినా ఉండనివ్వండి.

ఇక మీ పొయ్యి. ఆర్పండి! అన్నిటికంటే ముందు అదే చేయండి. నిజమైన ఆపదైతే ఎలాగూ ఆర్పాల్సిందే. ఉత్త పరీక్షయితే, ఆ రోజు మీ ఇంట్లో ఉండే అసలు ప్రమాదం బాణలిలో కాగుతున్న నూనే. ఫోను అరిచిందని మీరు వాకిట్లోకి పరుగెత్తితే అది మీకోసం ఆగదు. స్టవ్వూ, సిలిండరు మీద రెగ్యులేటరూ కట్టేయండి, రెండు క్షణాల పని. తరువాత నిలబడి మొత్తం చదవండి. చదవడం రాకపోతే బటన్ నొక్కకుండా చదివేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి. పరీక్ష అని ఉంటే మళ్ళీ పొయ్యి వెలిగించుకోండి. వరద అని ఉంటే కరెంటు మెయిన్ ఆపి, మందులు, రేషన్ కార్డు, ఆధార్ ఉన్న కవరు పట్టుకుని మేడ ఎక్కండి. ఆ కవరు ఏ డబ్బాలో ఉందో ఇంట్లో అందరికీ తెలియాలి, మీకొక్కరికే కాదు.

ఇంకొకటి. అసలు కబురు మీ ఓటీపీ అడగదు, డబ్బు కట్టమనదు. ఎవరైనా ఫోను చేసి "మీకు అలర్ట్ వచ్చింది కదమ్మా, అది సరిచేస్తాం, నంబరు చెప్పండి" అంటే వాడు దొంగ. మాట్లాడకుండా పెట్టేసి, డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కి చేయండి.

మీరు ఉత్తరం చివర మరో మాట రాశారు. అత్తమ్మ బటన్ ఫోను ఆ రోజు కిక్కురుమనలేదని. పొద్దున్నే మీ బస్తీ నుంచి మాదాపూర్, జూబ్లీహిల్స్ ఇళ్ళకి పనికి వెళ్ళే ఆడవాళ్ళలో అలాంటి ఫోన్లవాళ్ళు చాలామందే ఉంటారు. ఇంట్లో ఒక్కటే మంచి ఫోనుంటే అది మగవాళ్ళ జేబులో పోతుంది. పగటిపూట ఇంట్లో ఉండేది ముసలివాళ్ళూ పిల్లలూ. కూత వినాల్సింది వాళ్ళు, మోగేది ఎక్కడో ఆఫీసులో. కాబట్టి మీ వీధిలో పగలు ఎవరి ఇంట్లో మోగే ఫోను ఉంటుందో, మోగితే ఆవిడ ఎవరెవరి తలుపులు కొట్టాలో మీలో మీరు అనుకుని పెట్టుకోండి. కుదిరితే ఆ జాబితా నాకు రాసి పంపండి. మీరెలా పంచుకున్నారో చూసి వచ్చే నెల ఈ పేజీలో వేస్తాను, పేర్లు లేకుండానే.